కొలాజెన్ డబ్బా కొనేముందు కడుపునోసారి కనుక్కోండి: ఏ రకం ఎవరికి పడుతుంది

మొన్న సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా చెల్లెలు సూట్‌కేసు తెరిచి ముందుగా తీసింది చాక్లెట్లు కాదు, కొలాజెన్ డబ్బా. అమ్మ మోకాళ్ల కోసమట. మర్నాటి నుంచే అమ్మ పొద్దున గ్లాసుడు పాలల్లో రెండు చెంచాలు వేసుకుని తాగడం మొదలుపెట్టింది. నాలుగో రోజుకి పొట్ట ఉబ్బరం, తేన్పులు, మధ్యాహ్నం అన్నం సయించకపోవడం. "ఇది నాకు పడట్లేదే" అంటూ డబ్బాని అటకెక్కించబోయింది. పక్కింటి పిన్నిగారు ఆపి, "కడుపు బాగాలేకపోతే కొలాజెన్ ఒంటబట్టదట అక్కా, ముందు ప్రోబయోటిక్, అదే మేలుచేసే బాక్టీరియా ఉన్న మందు, వాడాలట. రెండూ కలిపిన డబ్బాలు కూడా వస్తున్నాయి" అన్నారు.

ఆ మాటలో సగం నిజం, సగం వ్యాపారం. కడుపు స్థితిని బట్టి కొలాజెన్ ఫలితం మారే మాట వాస్తవమే. అయితే ఎంత మారుతుందన్నది మీరు కొనే రకాన్ని బట్టి ఉంటుంది. పొడి ఒకలా, పాయా సూప్ ఒకలా, చిన్న క్యాప్సూల్ పూర్తిగా ఇంకోలా. అందుకే ఏ బ్రాండు అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది: మీ కడుపు ఎలా ఉంది?

## పేగులో అసలేం జరుగుతుంది

కొలాజెన్ అంటే చర్మానికి, కీళ్లకి, ఎముకలకి గట్టిదనమిచ్చే ప్రోటీన్. మన ఒంట్లోని మొత్తం ప్రోటీన్‌లో దాదాపు మూడోవంతు అదే. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుంది. ఆ తాడుని ఉన్నదున్నట్టు పేగు పీల్చుకోలేదు, ముక్కలు చెయ్యాలి. కడుపులో ఆమ్లం పేనికని విప్పుతుంది, పెప్సిన్ మొదటి కోత కోస్తుంది. చిన్నపేగులోకి వచ్చాక క్లోమగ్రంథి పంపిన ట్రిప్సిన్ వగైరా ఎంజైములు మిగతా కోత అందుకుంటాయి. చివరికి మిగిలేవి విడి అమైనో ఆమ్లాలు, రెండు మూడు కలిసున్న బుల్లి ముక్కలు. ఈ బుల్లి ముక్కలకి పేగు గోడలో వేరే ద్వారం ఉంది, దాన్ని పెప్‌టీ-1 అంటారు.

కొలాజెన్‌కి ఇక్కడో ప్రత్యేకత ఉంది. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ అనే రెండూ చెయ్యి చెయ్యి పట్టుకున్న జంట కత్తెరలకి అంత తేలిగ్గా తెగదు. జంటగానే రక్తంలోకి చేరుతుంది. 2005లో జపాన్ పరిశోధకులు హైడ్రొలైజ్డ్ జెలటిన్ (కొలాజెన్‌ని వేడితో విడదీస్తే వచ్చే జెలటిన్‌ని ముక్కలుగా కోసినది) తాగిన మనుషుల రక్తంలో ఈ జంటని పట్టుకున్నారు, తాగిన ఒకటి రెండు గంటలకి అది ఎక్కువగా కనిపించింది. ఈ జంట చర్మకణాలకి 'పని మొదలుపెట్టండి' అని కబురు మోస్తుందన్నది ఇప్పుడు ఎక్కువమంది నమ్మే వివరణ. అంటే మనం తాగిన కొలాజెన్ నేరుగా వెళ్లి మోకాలికి అతుక్కోదు. ఆ ఊహ మాత్రం వదిలేయండి.

డబ్బా మీద 'హైడ్రొలైజ్డ్' లేదా 'పెప్టైడ్స్' అని ఉందంటే కోత పని చాలావరకు ఫ్యాక్టరీలోనే అయిపోయిందన్నమాట. జెలటిన్ గొలుసు బరువు పదుల వేల డాల్టన్ల (అణువుల బరువు కొలత) నుంచి లక్ష దాటి ఉంటే, పెప్టైడ్ పొడిలో ముక్కలు మామూలుగా 2,000 నుంచి 6,000 డాల్టన్లు. తరిగిన కూర పొయ్యి మీద పెట్టినట్టు. కాబట్టి మామూలు గ్యాస్, అప్పుడప్పుడూ మలబద్ధకం ఉన్నంతమాత్రాన పొడి వృథా పోదు. ఇంకో ఆశ్చర్యం: గోధుమ పడక పేగు పొర దెబ్బతినే సీలియాక్ జబ్బులో కూడా విడి అమైనో ఆమ్లాల కన్నా ఈ బుల్లి ముక్కలే మెరుగ్గా లోపలికి వెళ్తాయని 1970ల్లోనే చూశారు.

మరి పేగు ఆరోగ్యం ఎక్కడ అడ్డొస్తుంది? నాకు తెలిసి నాలుగు చోట్ల.

విరేచనాలు, పేగు వాపు ఉన్నప్పుడు ఆహారం నిలవకుండా జారిపోతుంది, పీల్చుకునే టైము తగ్గుతుంది. ఇది మొదటిది, అందరికీ తెలిసిందే.

రెండోది విటమిన్ సి. కొత్త కొలాజెన్ పోగులు గట్టిపడాలంటే ప్రోలిన్‌ని హైడ్రాక్సీప్రోలిన్‌గా మార్చాలి, ఆ ఎంజైముకి విటమిన్ సి తోడు కావాలి. లేకపోతే పాతకాలపు నావికుల్లా చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ వస్తుంది. పుల్లనివి పడవని జామ, ఉసిరి, నిమ్మ అన్నీ మానేసిన ఎసిడిటీ మనిషి కొలాజెన్ తాగితే ఇటుకలు తెచ్చి సిమెంటు మరిచినట్టే.

మూడోది పళ్లెంలో ప్రోటీన్. అరుగుదల బాగాలేదని పప్పు, గుడ్డు మానేసి చారన్నంతో సరిపెట్టుకునేవాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. ఒంటికి ప్రోటీన్ కరువైతే వచ్చిన అమైనో ఆమ్లాలని అత్యవసరాలకే వాడుకుంటుంది, చర్మం మెరుపు ఆ జాబితాలో చివర ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఆ 50లో కొలాజెన్‌ని లెక్కెయ్యకండి. దాంట్లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అసలే లేదు, ఒంటరిగా అది అసంపూర్ణ ప్రోటీన్.

నాలుగోది బాక్టీరియా. 2017లో హార్వర్డ్ పరిశోధకులు మన పేగు బాక్టీరియాలో చాలావాటికి హైడ్రాక్సీప్రోలిన్‌ని వాడుకునే ఎంజైము ఉందని కనిపెట్టారు. పైన పీల్చుకోగా మిగిలింది కింద వాటికి మేత. అలాగని ప్రోబయోటిక్ మింగితే కొలాజెన్ ఎక్కువ ఒంటబడుతుందని కాదు. పీల్చుకునే పని చిన్నపేగుది, బాక్టీరియా సంత ఉండేది పెద్దపేగులో. పిన్నిగారు చెప్పిన జంట డబ్బాకి అదనంగా డబ్బులు పెట్టేంత ఆధారం లేదు. పెరుగన్నం తినండి, చాలు.

## ముందు ఒక చేదు మాట

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం గ్యారంటీ కాదు. చర్మం మీద జరిగిన 23 ప్రయోగాలని, మొత్తం 1,474 మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2025లో వచ్చింది. అన్నీ కలిపితే మేలు కనిపించింది. కంపెనీల డబ్బుతో జరగని ప్రయోగాలని విడదీసి చూస్తే మాయమైంది. కీళ్ల విషయంలో యూరప్ ఆహార భద్రత సంస్థ 2011లోనే హైడ్రొలైజ్డ్ కొలాజెన్ ప్రచారాన్ని ఒప్పుకోలేదు. కొందరికి కొంత పనిచెయ్యొచ్చు, చాలామందికి తేడా తెలియకపోవచ్చు. 'మూడు నెలలు చూసి ఆపేద్దాం' అన్న పద్ధతిలో కొనేవాళ్లకే మిగతా వ్యాసం ఉపయోగం.

## ఏం చూసి ఎంచుకోవాలి

నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటాను. కడుపు ఎంత కోత పని చెయ్యాలి? కొలాజెన్ కాకుండా డబ్బాలో ఇంకేం కలిపారు? ప్రయోగాల్లో వాడిన మోతాదు నిజంగా అందుతుందా? గ్రాము కొలాజెన్ ఎంతకి పడుతుంది? దేని నుంచి తీశారు?

వీటిలో రెండోదాన్ని జనం అస్సలు పట్టించుకోరు. కడుపు సున్నితమైనవాళ్లకి మాత్రం అదే మొదటి ప్రశ్న కావాలి. రుచి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్, పీచు పేరుతో వేసే ఇన్యులిన్ పేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్లు ఐబీఎస్ (ఉబ్బరం, కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో పదేపదే వేధించే పేగు సమస్య) రోగుల కోసం తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ అనే ఆహార పద్ధతిలో తగ్గించమనేది సరిగ్గా ఇలాంటివాటినే. 'కడుపుకి మేలు చేసే ఇన్యులిన్ కలిపిన కొలాజెన్' అని గొప్పగా రాసుకున్న డబ్బానే ఐబీఎస్ మనిషికి శత్రువు.

ఐదో ప్రశ్న మన ఇళ్లలో ఇంకా ముఖ్యం. మన దేశంలో అమ్మే డబ్బా మీద శాకాహారమైతే చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, కాకపోతే గోధుమరంగు త్రికోణం ఉండాలి. అమెరికా డబ్బాకి ఆ గుర్తు ఉండదు. అక్కడ 'బోవైన్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే పశువుల చర్మం నుంచి తీసినది. అది చెప్పకుండా పెద్దవాళ్లకి కలిపి ఇవ్వడం నాకు సబబనిపించదు. మా చెల్లెలు తెచ్చింది చేప చర్మం నుంచి తీసినది, అమ్మ చేప తింటుంది కాబట్టి గొడవ లేదు.

## పెప్టైడ్ పొడి

కడుపుకి అన్నిటికన్నా తక్కువ శ్రమ ఇచ్చేది ఇదే. చర్మం మీద 2014లో వచ్చిన ఒక పేరున్న ప్రయోగంలో 69 మంది ఆడవాళ్లకి రోజుకి 2.5 లేదా 5 గ్రాములు 8 వారాలు ఇచ్చారు. కీళ్ల కోసం 10 గ్రాముల దాకా వాడుతుంటారు. వేడి కాఫీలో కలిపినా పాడవదు, ఎందుకంటే ముందే విరిగిపోయిన ముక్కల్లో విరగడానికి ఇంకేం లేదు.

గ్యాస్ కోసం పొద్దున్నే ఖాళీ కడుపున మాత్ర వేసుకునేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: ఆమ్లం తగ్గితే కొలాజెన్ అరుగుతుందా? పొడి అయితే అరుగుతుంది, కోత ముందే అయింది, మిగిలింది చిన్నపేగు చూసుకుంటుంది. కొలాజెన్ కోసం డాక్టరు రాసిన మాత్ర మానేసే పని మాత్రం పెట్టుకోకండి. ఏళ్ల తరబడి ఆ మాత్ర వాడుతుంటే బీ12 ఒకసారి పరీక్ష చేయించుకోండి, అది కొలాజెన్ కన్నా ముఖ్యం.

చేపదా, పశువుదా అన్నదానికి కడుపు పరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. చేపది చిన్న ముక్కలు కాబట్టి త్వరగా ఒంటబడుతుందని ధర పెంచి అమ్ముతారు, కానీ రెండూ ఆ సైజుకే కోసి అమ్ముతున్నప్పుడు అదనంగా ఇవ్వాల్సిన పనిలేదు. చేప అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

మీ చేతిలో ఉన్నది నిజంగా పెప్టైడ్ పొడేనా, జెలటినా అన్న అనుమానం వస్తే వంటింట్లోనే తేలిపోతుంది. గ్లాసు చన్నీళ్లలో పెద్ద చెంచాడు వేసి తిప్పండి. పెప్టైడ్ కాసేపటికి కరిగిపోతుంది, ఆ గ్లాసుని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్లలాగే ఉంటుంది. జెలటిన్ చన్నీళ్లలో సగ్గుబియ్యంలా ఉబ్బి ఊరుకుంటుంది, వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే గడ్డకడుతుంది. ఈ పరీక్ష నాణ్యత చెప్పదు, రకం చెబుతుంది.

ఇంతకీ మా అమ్మ కడుపులో రేగింది ఏమిటి? పాలు. ఏళ్లుగా ఆవిడ కాఫీలో పడే పాలు తప్ప గ్లాసుడు పాలు తాగింది లేదు. దక్షిణాదిలో పెద్దవయసులో పాల చక్కెర అరగనివాళ్లు చాలా ఎక్కువ. అదే పొడిని నీళ్లలో కలిపి ఇస్తే మూడో రోజుకి ఉబ్బరం పోయింది. కొలాజెన్ పడలేదని డబ్బా పారేసేముందు దేంట్లో కలిపారో చూసుకోండి.

## పాయా, ఎముకల సూప్

కాలో చెయ్యో విరిగితే మేక కాళ్ల సూప్ పట్టించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. హైదరాబాద్‌లో తెల్లవారగానే నహారీ, పాయా కోసం హోటళ్ల ముందు నిలబడేవాళ్లకి కొలాజెన్ అన్న మాట తెలియకపోయినా దాని రుచి తెలుసు. కాల్చి, గీకి, కడిగిన కాళ్లని సన్నని సెగ మీద గంటల తరబడి మరిగిస్తే తాడు విడిపోయి జెలటిన్ నీళ్లలోకి దిగుతుంది. మిగిలిన సూప్ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీయండి. గిన్నె కదిలిస్తే జున్నులా వణుకుతుంది, పైన తెల్లగా కొవ్వు పేరుకుని ఉంటుంది. ఆ వణుకే జెలటిన్. వణకలేదంటే నీళ్లు ఎక్కువైనా అయ్యుండాలి, తక్కువసేపు మరిగైనా ఉండాలి.

చిక్కల్లా ఏ గిన్నెలో ఎన్ని గ్రాములు దిగాయో చెప్పలేకపోవడమే. ఒకసారి చిక్కగా, ఒకసారి పలచగా వస్తుంది. కోత పని కూడా పూర్తిగా మన కడుపుదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అదేం పెద్ద పని కాదు, మాంసం అరిగించుకునే కడుపు దీన్నీ అరిగించుకుంటుంది. క్లోమగ్రంథి జబ్బు ఉండి ఎంజైముల మాత్రలు వాడేవాళ్లకి మాత్రం తేడా పడుతుంది.

నిజానికి పాయా తాగి కడుపు మంట అన్నవాళ్లలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది జెలటిన్ కాదు, మసాలా. మిరియాలు, అల్లంవెల్లుల్లి ముద్ద, పైన తేలే కొవ్వు. ఛాతీలో మంట ఉన్నవాళ్లు చల్లార్చి కొవ్వు పొర తీసేసి, కారం తగ్గించి రాత్రికి బదులు పగటిపూట తాగి చూడండి. ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఉల్లి, వెల్లుల్లే అసలు ముద్దాయిలు. గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లు దీన్ని మరిచిపోవడం మంచిది.

ఒక పిడకల వేట: ఫలూదాల్లో వాడే చైనా గ్రాస్‌లో కొలాజెన్ లేదు. అది సముద్రపు నాచు పీచు. గడ్డకట్టిందల్లా జెలటిన్ కాదు.

## అన్‌డీనేచర్డ్ టైప్-2 క్యాప్సూల్

పేగు ఆరోగ్యం అన్న మాట నిజంగా అతికేది దీనికే, విచిత్రంగా దీని గురించి ఎవరూ ఆ మాట ఎత్తరు. టైప్-2 అంటే కీళ్ల మెత్తటి ఎముకలో ఉండే రకం కొలాజెన్, అన్‌డీనేచర్డ్ అంటే రూపు చెడనిది. కోడి రొమ్ము దగ్గరి మెత్తటి ఎముక నుంచి, పేనిక విడిపోకుండా తీస్తారు. మోతాదు రోజుకి 40 మిల్లీగ్రాములు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు. ఇంత తక్కువ ఎందుకంటే ఇది ఆహారంగా పనిచెయ్యదు. చిన్నపేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపులుంటాయి. పేనిక చెడని ఈ కొలాజెన్‌ని అవి రోజూ చూసి చూసి అలవాటు పడి, కీళ్లలోని అలాంటి కొలాజెన్ మీద రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గుతుందన్నది సిద్ధాంతం. అంటే ఇక్కడ అరగడం కాదు, కొంతైనా అరగకుండా పేగు దాకా చేరడం ముఖ్యం.

మోకాళ్ల మీద 2016లో 191 మందితో 180 రోజులు చేసిన ప్రయోగంలో ఇది కీళ్లనొప్పులకి అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జోడీ కన్నా మెరుగని తేలింది. ఆ ప్రయోగానికి డబ్బు పెట్టింది ముడిసరుకు అమ్మే కంపెనీయే అన్నది పక్కన రాసుకోండి.

క్యాప్సూల్ విప్పి వేడి కాఫీలో కలిపితే పేనిక విడిపోయి దీని పనే పోతుంది. చక్కెరలు, పీచులు లేని చిన్న మాత్ర కాబట్టి ఉబ్బరం మనుషులకి తేలిక. కానీ పేగులోని రోగనిరోధక వ్యవస్థే జబ్బుపడ్డ క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రోగులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. చర్మం కోసమైతే ఎవరూ కొననక్కర్లేదు, ఇది కీళ్ల సరుకు.

## గమ్మీలు, షాట్లు, మాత్రలు

త్వరగా ముగిస్తాను. గమ్మీ అంటే నమిలే జెల్లీ మిఠాయి, షాట్ అంటే గుక్కలో తాగే చిన్న సీసా. అర గ్రాము మాత్రలు మింగి 10 గ్రాములు అందుకోవాలంటే రోజుకి 20 మాత్రలు. గమ్మీలో కొలాజెన్ కన్నా చక్కెర, లేదా చక్కెర బదులు వేసే మాల్టిటాల్ ఎక్కువగా ఉంటాయి. తీపి లేని సాదా పొడి దొరుకుతుండగా ఇవి ప్రయాణాలకి తప్ప ఎందుకో నాకు అర్థం కాదు.

## 'వెజ్ కొలాజెన్'

మొక్కల్లో కొలాజెన్ ఉండదు. ఆకుపచ్చ చుక్కతో అమ్మేది 'కొలాజెన్ బిల్డర్'. ఉసిరి సారం, వెదురు నుంచి తీసిన సిలికా, సెస్‌బేనియా అనే పేరుతో బయోటిన్ అనే బి విటమిన్. ఆ సెస్‌బేనియా ఎవరో కాదు, మన అవిశ చెట్టే. పెరట్లో అవిశ ఆకు కూర వండుకునే ఇంట్లో దాని సారాన్ని డబ్బా పెట్టి కొనుక్కుంటున్నాం.

ఇందులో పనికొచ్చే సరుకు విటమిన్ సి. ఆడవాళ్లకి రోజుకి 65 మిల్లీగ్రాములు, మగవాళ్లకి 80 చాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 100 గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది. పుల్లనివి తింటే మంట అనేవాళ్లకి జామ మంచి దారి, గింజలు ఇబ్బందైతే తీసేసి తినండి. శాకాహారులకి నా సలహా డబ్బా మానేసి ఆ డబ్బుతో పప్పు, పెరుగు, పల్లీలు, జామకాయలు కొనుక్కోమని.

## ఒక్కచోట చూస్తే

| రకం | కడుపు చెయ్యాల్సిన పని | రోజు మోతాదు | కడుపుకి ఇబ్బంది పెట్టేది | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| సాదా పెప్టైడ్ పొడి | తక్కువ | 2.5–10 గ్రా. | కలిపిన పాలు, తీపి పదార్థాలు | గ్యాస్ మాత్ర వాడేవాళ్లు, పెద్దవాళ్లు, ఐబీఎస్ ఉన్నవాళ్లు |
| పాయా, ఎముకల సూప్ | ఎక్కువ | చెప్పలేం | మసాలా, కొవ్వు, వెల్లుల్లి | అరుగుదల బాగున్న మాంసాహారులు |
| టైప్-2 క్యాప్సూల్ | అరిగించడం కాదు, గుర్తుపట్టడం | 40 మి.గ్రా. | దాదాపు ఏమీ లేదు | మోకాళ్ల నొప్పి, ఉబ్బరం రెండూ ఉన్నవాళ్లు |
| గమ్మీ, షాట్ | తక్కువ | అరుదుగా అందుతుంది | చక్కెర, మాల్టిటాల్ | ఎవరికీ కాదు, ప్రయాణంలో తప్ప |
| మొక్కల బిల్డర్ | లెక్కలోకి రాదు | కొలాజెన్ సున్నా | కలిపిన పీచులు | విటమిన్ సి తిండిలో అందనివాళ్లు |

ధర పోల్చేటప్పుడు డబ్బా బరువు చూడకండి. 200 గ్రాముల డబ్బాలో 10 గ్రాముల స్కూపుకి 8 గ్రాములే కొలాజెన్ అని వెనక రాసుంటే మీరు కొన్నది 160 గ్రాములు. ధరని 160తో భాగించాలి. 'కొలాజెన్ బ్లెండ్' అని మొత్తం అంకె ఒక్కటే ఇచ్చి విడివిడిగా రాయని డబ్బాని నేను షెల్ఫులోనే వదిలేస్తాను.

## మీ కడుపు ఏ రకం?

గ్యాస్, తేన్పులు మాత్రమే ఉన్నవాళ్లు. సాదా పొడి, నీళ్లలో, టిఫిన్ తర్వాత. ఖాళీ కడుపునే తాగాలన్న నియమం పెట్టుకోకండి, వికారం పెట్టేవాళ్లకి తిండితోపాటే నయం.

ఐబీఎస్ ఉన్నవాళ్లు. పదార్థాల జాబితాలో ఒకే ఒక్క వస్తువు ఉన్న డబ్బా వెతకండి. వాసన, రుచి, 'ప్రీబయోటిక్' ఏదీ వద్దు. కొలాజెన్ వల్లే గ్యాస్ కుళ్లు వాసన వస్తోందని కొందరంటారు. ఆ వాసనకి గంధకం కావాలి, చర్మం నుంచి తీసిన కొలాజెన్‌లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు చాలా తక్కువ. డబ్బాలో వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్) కలిపారేమో చూడండి.

కారణం తెలియని కడుపు బాధ ఉన్నవాళ్లు. బరువు తగ్గడం, మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, తగ్గని రక్తహీనత, వీటిలో ఏదున్నా కొలాజెన్ డబ్బులతో ముందు గ్యాస్ట్రో డాక్టరుని కలవండి. కడుపులో చేరే హెచ్. పైలోరీ బాక్టీరియా, పేగుల్లో చేరే జియార్డియా అనే పరాన్నజీవి మన దగ్గర మామూలే, మందులున్నవే. సీలియాక్ దక్షిణాదిలో ఉత్తరాది కన్నా అరుదు, అలాగని లేదని కాదు, రక్తపరీక్షతో అనుమానం తీరుతుంది. కొలాజెనే కడుపుని బాగుచేస్తుందన్న ప్రచారాన్ని నమ్మి ఈ పరీక్షలు వాయిదా వెయ్యొద్దు. ఆ ప్రచారం వెనకున్న మనుషుల మీది అధ్యయనాల్లో ఒకటి పూర్తిచేసింది 14 మంది ఆడవాళ్లు, పోల్చడానికి ఉత్తుత్తి పొడి తాగిన గుంపు కూడా లేదు.

క్రోన్స్, కొలైటిస్ ఉన్నవాళ్లు, బరువు తగ్గే బైపాస్ సర్జరీ చేయించుకున్నవాళ్లు. జబ్బు రేగి ఉన్నప్పుడు కొత్తవేవీ మొదలుపెట్టకూడదు. ఇంకో విషయం డబ్బా మీద రాయరు. హైడ్రాక్సీప్రోలిన్‌లో కొంత భాగం ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది. కొవ్వు సరిగ్గా అరగని పేగు తిండిలోని ఆక్సలేట్‌ని కూడా మామూలుకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. రెండూ కలిస్తే కిడ్నీ రాళ్లకి దారి. దానికి తోడు గ్రాము విటమిన్ సి మాత్ర కూడా వేసుకుంటే మూడోది, అదీ ఆక్సలేటే అవుతుంది. ఇంతకుముందు రాళ్లు వచ్చినవాళ్లకీ ఇదే జాగ్రత్త. కిడ్నీ జబ్బు ఇంటింటి కథైన ఉద్దానం లాంటి చోట క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోకుండా ఏ ప్రోటీన్ డబ్బా తెరవొద్దు.

యాంటీబయాటిక్ కోర్సు ఇప్పుడే ముగించినవాళ్లు. మోషన్స్ కుదుటపడేదాకా రెండు వారాలు ఆగండి. లేకపోతే ఏది దేనివల్లో తేలదు.

పిత్తాశయం తీయించుకున్నవాళ్లు. సాదా పొడిలో కొవ్వు ఉండదు, కంగారు లేదు. పాయా విషయంలో మాత్రం కొవ్వు పొర తీసేయండి.

పరుగు, జిమ్ వల్ల కండర బంధనాలు నొప్పి పెట్టేవాళ్లు. వీళ్లకి జెలటిన్ కూడా మంచి బేరమే. 2017లో ఎనిమిది మంది మీద చేసిన ఒక చిన్న ప్రయోగంలో 15 గ్రాముల జెలటిన్, విటమిన్ సి కలిపి వ్యాయామానికి గంట ముందు ఇస్తే కొలాజెన్ తయారీ సూచికలు పెరిగాయి. పొడికన్నా చవక, కడుపు గట్టిగా ఉంటే చాలు.

## మొదలుపెట్టే పద్ధతి

మొదటి వారం 2.5 గ్రాములు, నీళ్లలో, రోజూ ఒకే టైముకి. ఆ వారం కొత్త టిఫిను, కొత్త మాత్ర, కొత్త పండు ఏదీ వద్దు. రెండో వారం 5 గ్రాములు. కీళ్ల కోసమైతే మూడో వారం నుంచి 10. ఎక్కడ ఉబ్బరం మొదలైతే అక్కడ ఒక మెట్టు దిగండి. చర్మానికి కనీసం 8 వారాలు, మోకాళ్లకి మూడు నెలలు. అంతకన్నా ముందు 'భలే తేడా' అనిపిస్తే అది ఆశ, అంతకన్నా తర్వాత కూడా ఏమీ లేకపోతే ఆపేయడమే.

కొలవకుండా చూస్తే మనసు చెప్పిందే నిజమనిపిస్తుంది. అందుకే అమ్మకి వంటింటి క్యాలెండరు మీద రోజూ ఒక అంకె వెయ్యమన్నాను. మేడ మెట్లు ఎక్కాక మోకాలి నొప్పికి పదికి ఎన్ని మార్కులని. పాలవాడి లెక్కల టిక్కుల పక్కనే ఆ అంకెలు. మొదటి వారమంతా ఏడు, అప్పుడప్పుడూ ఎనిమిది. ఇప్పుడు తొమ్మిదో వారం, ఆరుకి దిగింది, మనవడు వచ్చి రోజంతా మెట్లెక్కించిన ఆదివారం మాత్రం మళ్లీ ఎనిమిది. "పొడివల్లనా, నువ్వు రోజూ గుడ్డు తినిపించడం వల్లనా?" అని అడుగుతోంది. ఇంకో మూడు వారాలకి డబ్బా అయిపోతుంది. అప్పుడు గుడ్డు ఉంచి పొడి ఆపి, ఇంకో నెల అంకెలు వేయిస్తాను.